ఇన్‌కాగ్నిటో తెరిచి వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసినా "మీ ప్రాంతంలో లేదు" అంటోంది. ఎందుకు?

#1 · నీలిగువ్వ

అందరికీ నమస్కారం. నేనొక విదేశీ భాష నేర్చుకుంటున్నాను. ఆ దేశపు ప్రసార సంస్థ సైట్లో పాత రేడియో నాటకాలు వందల్లో ఉన్నాయి. చెవికి అలవాటు కావాలంటే అవే వినమని మా టీచరు చెప్పారు. తీరా ప్లే నొక్కితే "ఈ కార్యక్రమం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని వస్తోంది.

క్రోమ్‌లో ఒక ఉచిత వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే, బ్రౌజరుకి తగిలించే చిన్న ప్రోగ్రాము) వేసుకుని ఆ దేశాన్ని ఎంచుకున్నాను. గుర్తు పచ్చగా మారింది, "కనెక్ట్ అయ్యారు" అని కూడా చూపించింది. మా ఇంట్లో లాప్‌టాప్ ముగ్గురం వాడతాం. నేను ఏం చూశానో మిగలకూడదని ఎప్పుడూ ఇన్‌కాగ్నిటోలోనే తెరుస్తాను. అక్కడ మళ్ళీ అదే మాట, "మీ ప్రాంతంలో లేదు".

ఇంకోటి. మామూలు విండోలో ఆ ఎక్స్‌టెన్షన్ ఆన్‌లో ఉండగా మెయిల్ తెరిచాను. వెంటనే "కొత్త చోటి నుంచి లాగిన్ అయ్యారు, మీరేనా?" అని ఫోనుకి హెచ్చరిక వచ్చింది. భయం వేసి ఆపేశాను. నేను చేస్తున్నదాంట్లో తప్పెక్కడుంది?

#2 · తంత్రి

నీలిగువ్వ గారూ, ముందు ఒక్కటి చూడండి. ఇన్‌కాగ్నిటో విండోలో ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవి పనిచేయవు, మనమే అనుమతి ఇవ్వాలి. ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్ళి, దాని "వివరాలు" నొక్కి కిందికి వస్తే "ఇన్‌కాగ్నిటోలో అనుమతించు" అనే మీట ఉంటుంది. అది ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ అంతే, 2019 నుంచి ప్రైవేటు విండోలకు వేరే అనుమతి పెట్టారు.

అంటే మీరు మామూలు విండోలో ఆ దేశంలో ఉన్నారు, ఇన్‌కాగ్నిటోలో మీ ఇంట్లోనే ఉన్నారు. మెయిల్‌కి హెచ్చరిక రావడం, నాటకం రాకపోవడం రెండూ దీనివల్లే.

#3 · నీలిగువ్వ

తంత్రి గారూ, అచ్చంగా అదే! మీట ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేశాను. ఇప్పుడు పేజీ వేరేగా కనిపిస్తోంది, ప్లే బటన్ కూడా వెలిగింది. నొక్కితే మాత్రం "మీరు ప్రాక్సీ వాడుతున్నట్టున్నారు" అంటోంది. నేను ప్రాక్సీ వాడుతున్నానని వాళ్ళకి ఎలా తెలుస్తుందండీ?

#4 · గుడ్లగూబ

ఇది కొంచెం వివరంగా చెప్పాల్సిన సంగతి.

వీపీఎన్ అని పేరు పెట్టుకున్న బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లలో చాలావరకు నిజానికి ప్రాక్సీలే. బ్రౌజరుకి "నీ అభ్యర్థనలన్నీ ఫలానా సర్వరు ద్వారా పంపు" అని చెప్పడమే వాటి పని. కంప్యూటర్లోని మిగతా ప్రోగ్రాములు మామూలు దారినే పోతాయి. ఒపెరా 2016లో బ్రౌజరులోనే "ఉచిత వీపీఎన్" అని ఇచ్చింది కూడా ఈ రకమే.

సైటు వాళ్ళు ముందుగా చూసేది ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మీ కనెక్షనుకి ఉండే నంబరు. ఏ అడ్రస్ ఏ దేశానిది, ఇంటి కనెక్షనుదా లేక సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీదా అని చెప్పే జాబితాలు అమ్మకానికి ఉంటాయి. ఉచిత ఎక్స్‌టెన్షన్ సర్వర్లు దాదాపుగా అన్నీ రెండో రకం. పైగా ఒక్క అడ్రస్ మీద వేలమంది వచ్చి ఒకే నాటకం అడుగుతుంటే ఎవరికైనా అర్థమవుతుంది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో ఒకేసారి ఇంకో 130 దేశాల్లో మొదలైంది. ప్రాక్సీ వాడేవాళ్ళని గట్టిగా ఆపుతామని ప్రకటించిందీ ఆ నెలలోనే. అప్పటినుంచి ఇది దాగుడుమూతల ఆటే. ఇవాళ పనిచేసిన సర్వరు రేపు పనిచేయదు.

ఐపీతోనే అయిపోదు. మీ బ్రౌజరు టైమ్‌జోన్ ఏదో పేజీలోని జావాస్క్రిప్ట్ ఒక్క వరుసలో అడిగి తెలుసుకోగలదు. ఐపీ ఒక ఖండంలో, గడియారం ఇంకో ఖండంలో ఉంటే అనుమానం రాదా? "మీ లొకేషన్ చూడవచ్చా" అని అడిగినప్పుడు సరే అన్నారంటే చుట్టుపక్కల వైఫైలని బట్టి వీధితో సహా చెప్పేస్తుంది, దానికి ఐపీతో సంబంధమే లేదు. అకౌంటు పెట్టి చూసే సైట్లయితే అకౌంటు ఏ దేశంలో తెరిచారు, డబ్బు ఏ దేశపు కార్డుతో కట్టారు అన్నవి కూడా చూస్తారు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది వెబ్‌ఆర్‌టీసీ. దాని సంగతి తంత్రి గారు నాకంటే బాగా చెప్పగలరు.

#5 · తంత్రి

చెప్తాను. బ్రౌజరులో వీడియో కాల్స్ నడిచేది వెబ్‌ఆర్‌టీసీ మీద. ఇద్దరి బ్రౌజర్లు నేరుగా మాట్లాడుకోవాలంటే ఎవరి అడ్రస్ ఏదో ముందు తెలియాలి. అందుకని బ్రౌజరు స్టన్ అనే రకం సర్వరుకి యూడీపీలో (మామూలు వెబ్ పేజీలు వాడే దారి కాక, డేటా పంపే ఇంకో పద్ధతి) ఒక చిన్న ప్రశ్న పంపి, "బయటికి నా అడ్రస్ ఎలా కనిపిస్తోంది" అని అడుగుతుంది. చిక్కు ఎక్కడంటే, ఎక్స్‌టెన్షన్ పెట్టిన వెబ్ ప్రాక్సీ గుండా యూడీపీ పోదు. ఆ ప్రశ్న పక్కదారిన నేరుగా వెళ్ళి, మీ అసలు అడ్రస్ మోసుకొస్తుంది. పేజీలో ఉన్న ఏ స్క్రిప్టయినా దాన్ని చదువుకోవచ్చు. వీడియో కాల్ చేయనక్కర్లేదు, కెమెరా అనుమతి కూడా అక్కర్లేదు. 2015లో ఇది అందరి దృష్టికీ వచ్చింది. నేటికీ కొన్ని ఎక్స్‌టెన్షన్లు దీన్ని మూయవు.

ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి, "వెబ్‌ఆర్‌టీసీ లీక్ టెస్ట్" అని వెతికి, వచ్చిన పేజీ ఒకటి తెరవండి. పైన ఒక అడ్రస్, కింద వెబ్‌ఆర్‌టీసీ వరుసలో ఒక అడ్రస్ ఉంటాయి. రెండూ ఒకటే అయినా, కిందది ఖాళీగా ఉన్నా మంచిది. ఎక్స్‌టెన్షన్ ఆపినప్పుడు కనిపించే మీ ఇంటి అడ్రస్ కింద కనిపిస్తే లీక్ అయినట్టే.

#6 · నీలిగువ్వ

చూశాను. పైన ఆ దేశపు జెండా, వాళ్ళ ఊరి పేరు. కింద వరుసలో మా ఇంటి అడ్రస్ అంకె పొల్లుపోకుండా ఉంది. ఎక్స్‌టెన్షన్ ఆపి మళ్ళీ పోల్చి చూశాను, అదే. పచ్చగుర్తు వెలుగుతుంటే దాక్కున్నానని నమ్మాను. రెండు నెలల నుంచి వాడుతున్నాను.

#7 · పాతకాపు

నా అనుభవం వేరు. మూడేళ్ళుగా ఉచిత ఎక్స్‌టెన్షన్ వాడుతున్నాను. లక్షల మంది వాడుతున్నారు, నాలుగున్నర నక్షత్రాల రేటింగు ఉంది, స్టోరులో బ్యాడ్జీ కూడా ఇచ్చారు. నాకు ఏ నష్టమూ జరగలేదు. పాటలు, ఆటలు, వార్తలు చూస్తాను, అంతే. అందులో దాచుకోవాల్సింది ఏముంది? కొత్తవాళ్ళని మరీ ఇంత భయపెట్టడం సరికాదని నా అభిప్రాయం.

#8 · సున్నా ఒకటి

పాతకాపు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. నష్టం జరిగినప్పుడు మనకి తెలిసేలా జరగదు, అదే దీనితో బాధ.

నేనూ మీలాగే ఒకటి వాడాను. ఒక సాయంత్రం తోచక ఎక్స్‌టెన్షన్ల పేజీలో డెవలపర్ మోడ్ ఆన్ చేశాను. దాని కింద "సర్వీస్ వర్కర్" అని ఒక లింకు వచ్చింది. నొక్కితే ఆ ఎక్స్‌టెన్షన్‌కి సంబంధించిన డెవలపర్ టూల్స్ తెరుచుకున్నాయి. నెట్‌వర్క్ ట్యాబ్ పెట్టుకుని పక్క విండోలో మామూలుగా తిరగడం మొదలుపెట్టాను. వీపీఎన్ ఆఫ్‌లో ఉంది. అయినా నేను పేజీ మారిన ప్రతిసారీ అక్కడ ఒక కొత్త వరుస పుట్టింది. ఎక్కడికో ఒక పోస్ట్ అభ్యర్థన వెళుతోంది. లోపల చూస్తే అర్థంకాని అక్షరాల గుంపు. బేస్64 (డేటాను అక్షరాలు, అంకెలుగా మార్చి రాసే పద్ధతి) అని గుర్తుపట్టి విప్పాను. నేను తెరిచిన పేజీ పూర్తి చిరునామా, దానికి ముందు ఏ పేజీ నుంచి వచ్చానో ఆ చిరునామా, సమయం, నాకు వాళ్ళు పెట్టిన ఒక సంఖ్య. ఆ వారం మా నాన్నగారి రిపోర్టుల్లో రాసిన జబ్బు పేరు వెతుకుతూ ఉన్నాను. వెతికిన మాటలు ఆ చిరునామాలో పదం పదంగా ఉన్నాయి. ఆ స్క్రీను ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

దాచుకోవాల్సింది ఏముంది అన్నారు. మా నాన్న జబ్బు నేను దాచుకోవాల్సిన నేరం కాదు. కానీ అది ఎవరికి చెప్పాలో తేల్చుకోవాల్సింది మా ఇంటివాళ్ళం.

ఇవి నా ఒక్కడి మాటలు కావు, నలుగురికీ తెలిసినవే కొన్ని చెప్తాను. హోలా అనే ఉచిత వీపీఎన్ వాడినవాళ్ళ ఇంటి కనెక్షన్లనే లుమినాటి పేరుతో వేరేవాళ్ళకి అద్దెకి ఇస్తున్నారని 2015లో బయటపడింది. ఉచితంగా వాడుకున్నవాళ్ళ అడ్రస్ మీదుగా ముక్కూమొహం తెలియనివాళ్ళ ట్రాఫిక్ పోయింది. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే వీపీఎన్ కంపెనీని కొని, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో దాని ద్వారా గమనించింది. 2018లో ఆపిల్ స్టోరు నుంచి అది వెళ్ళిపోయింది. అవాస్ట్ యాంటీవైరస్ ఎక్స్‌టెన్షన్లు పోగుచేసిన బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ అమ్మింది. అందుకు అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. రక్షణ కోసం పెట్టుకున్నవే ఇవన్నీ.

బ్యాడ్జీ, రేటింగు మాట అంటారా, అవి నిన్నటి సంగతి చెప్తాయి. ద గ్రేట్ సస్పెండర్ అనే మంచి ఎక్స్‌టెన్షన్‌ని 20 లక్షల మందికి పైగా వాడేవారు. తయారుచేసినాయన 2020లో దాన్ని ఎవరికో అప్పగించారు. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ అని గూగుల్ తీసేసింది. చేతులు మారిన విషయం వాడేవాళ్ళలో ఎంతమందికి తెలుసు? అప్‌డేట్లు దానంతట అవే వచ్చేస్తాయి కదా.

#9 · పాతకాపు

మీ నాన్నగారు ఇప్పుడు బాగున్నారా? ముందు అది చెప్పండి.

మీరు చెప్పిన సర్వీస్ వర్కర్ లింకు నేనూ తెరిచి చూశాను. నా దాంట్లో వరుసలు పేజీ మారినప్పుడల్లా రావట్లేదు, కానీ పది నిమిషాలకోసారి ఎక్కడికో ఏదో పంపుతోంది. ఏమిటో అర్థం కాలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక సందేహం. ఏ వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ వేసినా "అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అనే అడుగుతుంది. మంచిదీ అదే అడిగి, చెడ్డదీ అదే అడిగితే మాలాంటివాళ్ళు తేడా ఎలా కనిపెట్టాలి?

#10 · సున్నా ఒకటి

నాన్నగారు కోలుకున్నారండీ, అడిగినందుకు సంతోషం.

మంచి ప్రశ్న అడిగారు. ప్రాక్సీ మార్చే ఒక్క అనుమతి అడిగినా క్రోమ్ ఆ వాక్యమే చూపిస్తుంది. డబ్బు కట్టి వాడేవాటికి సర్వరు దగ్గర యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అందించడానికి ఇంకొన్ని పెద్ద అనుమతులు నిజంగానే అవసరం. అందువల్ల ఆ హెచ్చరిక చూసి తేల్చడం కుదరదు.

ఇక్కడ ఇద్దరిని విడివిడిగా చూడాలి. ఒకరు సర్వరు నడిపేవాళ్ళు. మీ పేజీ హెచ్‌టీటీపీఎస్ (తాళం వేసి పంపే రకం) అయితే మీరు ఏ సైటుకి వెళ్ళారో వాళ్ళకి తెలుస్తుంది, లోపల ఏం చదివారో తెలియదు. రెండోది బ్రౌజరులో కూర్చున్న ఎక్స్‌టెన్షన్. తాళం తీశాక పేజీ మీ తెర మీదకి వస్తుంది చూడండి, అది అక్కడ ఉంటుంది. పేజీల్లోకి స్క్రిప్టు చొప్పించే అనుమతి ఉంటే మీరు టైపు చేసేదీ చదవగలదు. జనం మొదటిదాని గురించే మాట్లాడతారు. నాకు రెండోదే ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది.

నేను చూసేది ముందుగా డబ్బు. సర్వర్లకి, బ్యాండ్‌విడ్త్‌కి ప్రతి నెలా ఖర్చవుతుంది. అది ఎవరు కడుతున్నారో స్పష్టంగా కనిపించాలి. డబ్బు కట్టేవాళ్ళ మీద నడుస్తూ, ఉచితంగా వాడేవాళ్ళకి కొద్దిగా ఇస్తున్నారంటే అర్థముంది. పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా లేవు అంటే నేను వేసుకోను. తర్వాత, నడిపే కంపెనీ పేరు, దేశం తెలియాలి. బయటివాళ్ళతో ఆడిట్ చేయించి ఆ నివేదిక అందరికీ పెట్టి ఉంటే మంచిది, కోడు బహిరంగంగా ఉంటే ఇంకా మంచిది. ఇవన్నీ ఉన్నా నూటికి నూరు భరోసా లేదు. 2024 డిసెంబరులో ఎక్స్‌టెన్షన్ తయారుచేసేవాళ్ళకే దొంగ మెయిళ్ళు పంపి, వాళ్ళ అకౌంట్ల నుంచి విషపు అప్‌డేట్లు వదిలారు. సైబర్‌హేవెన్ అనే సెక్యూరిటీ కంపెనీ ఎక్స్‌టెన్షన్ కూడా అందులో చిక్కింది. వీపీఎన్ ఎక్స్‌టెన్షన్లూ ఉన్నాయి.

అందుకని నా పద్ధతి ఇది. బ్రౌజరులో వేరే ప్రొఫైల్ ఒకటి తెరిచాను. ఎక్స్‌టెన్షన్ అందులోనే ఉంటుంది. ఆ ప్రొఫైల్‌లో మెయిల్ లేదు, బ్యాంకు లేదు, సేవ్ చేసిన పాస్‌వర్డులు లేవు. చూడాల్సింది చూసి మూసేస్తాను. అది దొంగదే అయినా దానికి దొరికేది నేను చూసిన నాలుగు వీడియోల పేర్లు.

#11 · మల్లెపందిరి

మధ్యలో వస్తున్నాను, మన్నించండి. ఇన్‌కాగ్నిటో పెడితే ఆఫీసు నెట్‌వర్కు వాళ్ళకి కనిపించదు కదా? మా సహోద్యోగి గట్టిగా అదే చెప్తున్నారు.

#12 · గుడ్లగూబ

కనిపిస్తుందండీ. ఇన్‌కాగ్నిటో మీ కంప్యూటర్లో చరిత్ర, కుకీలు మిగల్చదు. దాని పని అంతవరకే. ఆఫీసుకి, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళకి, మీరు చూసే సైటుకి మీరు ఎప్పటిలాగే కనిపిస్తారు. ఈ అపోహ మీ సహోద్యోగి ఒక్కరిదే కాదు. 2020లో అమెరికాలో గూగుల్ మీద దీని గురించే కేసు వేశారు. 2024లో రాజీ కుదిరి, పోగైన కోట్లాది రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. ఇన్‌కాగ్నిటో మొదటి పేజీలో ఉండే మాటలు కూడా మార్చారు. ఈసారి తెరిచినప్పుడు ఆ నాలుగు వాక్యాలు చదవండి, మీ సహోద్యోగికీ చూపించండి.

ఆఫీసు వాళ్ళిచ్చిన కంప్యూటరైతే ఎక్స్‌టెన్షన్ కూడా వేయకండి.

#13 · దారిదీపం

అందరూ సినిమాలు, నాటకాల గురించి మాట్లాడుతున్నారు. వార్తల సైట్లే మూసేసిన చోట ఉన్నవాళ్ళ గురించి కూడా ఒక మాట. ఇది చదివేవాళ్ళలో అలాంటివారు ఒక్కరున్నా చాలు, వాళ్ళ కోసం రాస్తున్నాను.

పట్టుబడితే ఇబ్బంది అనుకునే పరిస్థితి మీది అయితే, దయచేసి ఎక్స్‌టెన్షన్ మీద ఆధారపడకండి. పైన నీలిగువ్వ గారికి జరిగింది చూశారు. ఆవిడకి నాటకం రాలేదు, అంతే. మీకు అంతటితో ఆగకపోవచ్చు. టోర్ బ్రౌజర్ వాడండి. అందులో మీ ట్రాఫిక్ మూడు మజిలీల మీదుగా పోతుంది. మొదటి మజిలీకి మీరెవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. నెమ్మదిగా ఉంటుంది, ఓర్చుకోవాలి. దానికి మళ్ళీ వేరే ఎక్స్‌టెన్షన్లు తగిలించకండి. టోర్ వాడేవాళ్ళంతా ఒకేలా కనిపించడంలోనే రక్షణ ఉంది. వీపీఎన్, టోర్ వాడటమే నేరమైన దేశాలూ ఉన్నాయి, మీ చోట చట్టం ఏమంటుందో ముందు తెలుసుకోండి.

ఇబ్బంది లేని చోట ఉన్నవాళ్ళకి ఒక విన్నపం. స్నోఫ్లేక్ అని టోర్ వాళ్ళదే ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది. ఇది మీరు తప్పించుకోవడానికి కాదు, వేరేవాళ్ళని దాటించడానికి. అది వేసుకుంటే టోర్‌ను కూడా మూసేసిన చోట ఉన్నవాళ్ళు మీ బ్రౌజరు మీదుగా టోర్‌లోకి అడుగుపెట్టగలరు. అవతలి సైట్లకి మీ అడ్రస్ కనిపించదు, ఎందుకంటే వాళ్ళు బయటపడేది టోర్ చివరి మజిలీ నుంచి. తంత్రి గారు చెప్పిన వెబ్‌ఆర్‌టీసీయే దీనికి ఆధారం. అక్కడ మన గుట్టు విప్పినది ఇక్కడ ఎవరికో దారి తెరుస్తోంది. బయటినుంచి చూస్తే అది వీడియో కాల్‌లా ఉంటుంది కాబట్టి అడ్డుకోవడం కష్టం. నా బ్రౌజరులో రోజూ ఆన్‌లోనే ఉంటుంది. ఆ గుర్తు రంగు మారినప్పుడల్లా ఎవరో ఏదో చదువుకుంటున్నారని నాకు సంతోషంగా ఉంటుంది.

#14 · గుడ్లగూబ

దారిదీపం గారి మాటకి చిన్న చేర్పు. అడ్డు ఎవరు పెట్టారో తెలుసుకుంటే మందు తేలిగ్గా దొరుకుతుంది. సైటు తానే "మీ ప్రాంతానికి లేదు" అని చెప్పిందంటే వాళ్ళు మీ ఐపీ చూశారు, ఐపీ మారితేనే పని జరుగుతుంది. చట్టం వల్ల ఆపామని చెప్పడానికి 451 అనే ఎర్రర్ కోడు 2016 నుంచి ఉంది, కొన్ని సైట్లు నిజాయితీగా అదే చూపిస్తాయి. అలా కాక పేజీ అసలు తెరుచుకోకపోతే మధ్యలో నెట్‌వర్కు ఆపి ఉండొచ్చు. ఒక్కోసారి డీఎన్‌ఎస్‌లో (సైటు పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) పేరు మాత్రమే తొలగిస్తారు. అప్పుడు బ్రౌజరు సెట్టింగుల్లో "సురక్షిత డీఎన్‌ఎస్" ఆన్ చేస్తే చాలు, ఎక్స్‌టెన్షన్ ఏదీ అక్కర్లేదు. అప్పటికీ తెరుచుకోలేదంటే అడ్డు ఇంకా లోతుగా ఉందని అర్థం.

#15 · చదువరి

నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం, ఇలా దాటడం తప్పు కాదా? నాటకం రాసినవాళ్ళకి, నటించినవాళ్ళకి ఇచ్చే డబ్బు దేశాల లెక్కనే ఒప్పందం చేసుకుంటారు. ఒక దేశానికి హక్కు కొన్న సంస్థ ఇంకో దేశంలో వినిపించలేదు. ప్రాంతీయ అడ్డుకి మూలం చాలాసార్లు అదే, దురుద్దేశం కాదు.

కానీ అన్నీ అలాంటివి కావు. 2018 మేలో యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చినప్పుడు లాస్ ఏంజెలెస్ టైమ్స్ లాంటి అమెరికా పత్రికలు యూరప్ పాఠకులకి తలుపులు మూసేశాయి. ఆ వార్త చదవడం వల్ల ఏ రచయితకీ నష్టం లేదు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో, డబ్బు కట్టిన చందాదారు పక్క సభ్యదేశానికి వెళ్ళినా తన సినిమాలు తాను చూసుకోవచ్చని నియమం వచ్చింది. అంటే ఈ గీతలు సహజమైనవేమీ కావు, మనుషులే గీశారు, మనుషులే చెరపగలరు. నా మటుకు నేను డబ్బు కట్టిన చందాని ప్రయాణంలో చూడటానికి వెనకాడను. కట్టనిదాన్ని దొంగదారిన చూడను. సైటు నిబంధనల్లో వద్దని ఉంటే అకౌంటు పోవచ్చని కూడా గుర్తుంచుకోవాలి.

#16 · నీలిగువ్వ

చదువరి గారి మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆ ప్రసార సంస్థకే మెయిల్ రాశాను, "భాష నేర్చుకుంటున్నాను, ఈ నాటకాలు వినే దారి ఏదైనా ఉందా" అని. నాలుగు రోజులకి జవాబొచ్చింది. హక్కులు పూర్తిగా వాళ్ళవే అయిన నాటకాలు అన్ని దేశాలకీ తెరిచే ఉన్నాయట, వాటి పేజీ వేరేచోట ఉందట. లింకు పంపారు. ముప్పై ఏడు నాటకాలు! ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండా తెరుచుకున్నాయి. రాత్రి మొదటిది విన్నాను. సగం అర్థం కాలేదు, అయినా చివరిదాకా విన్నాను.

పాత ఎక్స్‌టెన్షన్ తీసేశాను. ఇంట్లో ముగ్గురికీ మూడు ప్రొఫైళ్ళు చేశాను. ఇకమీదట నా చరిత్ర దాచడానికి ఇన్‌కాగ్నిటో వెతుక్కోనక్కర్లేదు.

#17 · సున్నా ఒకటి

చాలా సంతోషం. ఒక్క మాట అడగాలి. మీ క్రోమ్‌లో సింక్ ఆన్‌లో ఉందా? ఉంటే అదే అకౌంటుతో లాగిన్ అయిన ప్రతి కంప్యూటర్లోకీ ఆ ఎక్స్‌టెన్షన్ చేరి ఉంటుంది. మామూలుగా ఇక్కడ తీస్తే అక్కడా పోవాలి, కానీ అక్కడ సింక్ ఆగిపోయి ఉంటే మిగిలిపోతుంది. కళ్ళతో చూసుకోండి.

#18 · నీలిగువ్వ

ఇప్పుడే ఆఫీసుకి వచ్చి చూశాను. ఉంది. ఇక్కడ నేను ఎప్పుడూ వేయలేదు. తీసేశాను, సింక్‌లో ఎక్స్‌టెన్షన్ల మీట కూడా ఆపేశాను. మెయిల్ పాస్‌వర్డు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగవుట్ చేస్తున్నాను. మా ఐటీ వాళ్ళకి కూడా చెప్పడానికి వెళ్తున్నాను.